చెరువు నుంచి గేటు దాకా: గోగునార మిల్లుల ఊళ్ల చరిత్ర

(కాళీపట్నం రామారావు స్మారకోపన్యాసం)



కాళీపట్నం రామారావు గారి, మనందరి కారా మాస్టారి పేరు మీద మాట్లాడటం అంటే నాకు భయం, ఇష్టం రెండూ ఉన్నాయి. 1924 నవంబరు 9న శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన ఆయన 2021 జూన్ 4న వెళ్లిపోయారు. బతుకంతా బడిపంతులు. రాసిన కథలు తక్కువ. కానీ ఆ కథల్లో ఒక పల్లె ఎలా నడుస్తుందో, ఎవరి చెమట ఎవరి లెక్కలో జమ అవుతుందో తెలుగులో అంతకు ముందు ఎవరూ చూపనంత స్పష్టంగా చూపారు. ‘యజ్ఞం’ చదివినవాళ్లకు తెలుసు. ఒక అప్పు గురించి జరిగే పంచాయతీ అది. ఆ అప్పు వెనక ఊరు మొత్తం మారిన చరిత్ర ఉంటుంది. అప్పు కాగితం మీద ఉంటుంది. దాని కింద నలిగిన మూడు తరాల కష్టం ఏ కాగితం మీదా ఉండదు.

ఆ తర్వాత ఆయన ఇంకో పని చేశారు. సాహిత్య అకాడెమీ బహుమతిగా వచ్చిన డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా అక్కడికి చేరాలన్నది ఆయన కోరిక. గొప్ప కథా, మామూలు కథా అని గుమ్మం దగ్గర వడకట్టలేదు. పాత పత్రికల కోసం ఇల్లిల్లూ తిరిగారు, ఉత్తరాలు రాశారు, అటకల మీద చెదలు తింటున్న సంచికలు దింపించారు. పెద్ద రచయిత ఒకాయన తన సొంత రచన పక్కన పెట్టి, ఊరూ పేరూ తెలియని వాళ్లు రాసినదాన్ని కాపాడటానికి పాతికేళ్లు ఇచ్చాడు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ పని నుంచి నేర్చుకున్నదే.

నా మాట ఒక్కటే. మన జ్యూట్ మిల్లుల ఊళ్ల చరిత్రను మనం గేటు దగ్గర మొదలుపెడుతున్నాం. మిల్లు ఎప్పుడు కట్టారు, యజమాని ఎవరు, ఎన్ని మగ్గాలు, ఎన్ని సమ్మెలు, ఎప్పుడు తాళం పడింది. ఇవన్నీ కావలసినవే. కానీ ఆ చరిత్ర మొదలవ్వాల్సింది చెరువు దగ్గర, గోగు ఊరేసిన చెరువు దగ్గర. అలా మొదలుపెడితే మిల్లు ఇక్కడికి ఎందుకొచ్చిందో, అన్ని లాకౌట్లు తట్టుకుని ఎలా నిలిచిందో, చివరికి ఎందుకు కూలిందో అర్థమవుతుంది. లేకపోతే యజమాని మంచివాడా చెడ్డవాడా అన్న దగ్గరే ఆగిపోతాం.

1. నార ముందు, మిల్లు తర్వాత

బెంగాల్లో జ్యూట్ అంటే గంగా, బ్రహ్మపుత్రల వరద నేలల్లో పండే మొక్క. దానికి నీరు బాగా కావాలి. మన దగ్గర పండింది అది కాదు. మనది గోగు. గోంగూర జాతి మొక్క, మెట్ట చేలల్లో వాన మీద ఆధారపడి ఆరేడడుగులు ఎదుగుతుంది. దాని బెరడులోని నార బెంగాల్ నార కంటే కొంచెం ముతక. అయినా గోనెలకు, తాళ్లకు చక్కగా పనికొస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నార భీమిలి రేవు నుంచి ఓడలెక్కింది. అందుకే ప్రపంచ మార్కెట్లో దానికి ‘బిమ్లీ జ్యూట్’ అన్న పేరు స్థిరపడింది. ఈ రోజుకీ వ్యవసాయ శాస్త్ర పుస్తకాల్లో ఆ పేరు ఉంది. లండన్‌లో, డండీలో నార కొనేవాడికి విజయనగరం తెలియకపోవచ్చు, భీమిలి తెలుసు.

భీమిలికి ఓడ ఒడ్డుదాకా వచ్చేది కాదు. సముద్రంలో దూరంగా లంగరేసి ఆగేది. పడవల మీద బేళ్లు వేసుకుని అలలు దాటి వెళ్లి ఎక్కించాల్సి వచ్చేది. విజయనగరం, శ్రీకాకుళం తాలూకాల నుంచి ఎడ్ల బళ్లు వరసకట్టి రేవుకు దిగేవి. 1861 నాటికే భీమిలికి మునిసిపాలిటీ వచ్చిందంటే ఆ వర్తకం బలం ఎంతో ఊహించుకోండి. మొదట పండించినవాళ్లు మనవాళ్లు, నేసినవాళ్లు పరాయి దేశం వాళ్లు. అంత నార ఇక్కడే పోగవుతున్నప్పుడు ఇక్కడే నేస్తే ఏం పోయిందన్న ఆలోచన వర్తకులకు రావడం సహజం. గోస్తనీ ఒడ్డున చిట్టివలస మిల్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే మొలిచింది. నీటికి నది, సరుకుకి పక్కనే రేవు.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. కందకాల్లో దాక్కున్న సైనికుల ముందు పేర్చిన ఇసుక బస్తాలన్నీ జ్యూటే. కలకత్తా పక్కన హుగ్లీ నది ఒడ్డునున్న మిల్లులు లాభాల్లో మునిగాయి. ఆ వేడి చల్లారకముందే, 1920లో, చంపావతి ఒడ్డున నెల్లిమర్ల మిల్లు పుట్టింది. అప్పటికి రైలుమార్గం వచ్చేసింది. స్టేషను దగ్గరే. 1933లో విశాఖ ఓడరేవు మొదలయ్యాక భీమిలి రేవు మెల్లగా నిద్రపోయింది కానీ నార మాత్రం ఇటు తిరిగి మిల్లు దారి పట్టింది.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఈ ఊళ్లను మిల్లు ‘తెచ్చిన’ ఊళ్లని రాసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇక్కడ సాగు ముందే ఉంది, నార తీసే నేర్పు ముందే ఉంది, సంత ముందే ఉంది. మిల్లు వాటిని వెతుక్కుంటూ వచ్చింది.

2. చెరువు

మిల్లు ఊళ్ల గురించి రాసేవాళ్లందరూ కూత గురించి రాస్తారు. పొద్దున్నే కూత, మధ్యాహ్నం కూత, రాత్రి కూత. నేను వాసన గురించి చెబుతాను.

మా అమ్మమ్మ ఊరు చంపావతికి అవతల. దసరా దాటిందంటే ఆ ఊళ్లోకి అడుగుపెట్టకముందే తెలిసేది, గోగు ఊరుతోందని. కుళ్లిన ఆకు, మురిగిన నీరు, అందులో ఏదో పులుపు. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. ఊళ్లోవాళ్లకు అది డబ్బు వాసన. సిరిమాను పండగకి విజయనగరం వెళ్లేటప్పుడు కొత్త చీర అప్పు మీద తెచ్చుకోవచ్చు, చెరువులో నార ఉంది కదా అన్న ధీమా.

పని ఎలా సాగేదో కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. చిన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లు చూసి ఉండరు.

తొలకరికి చల్లుతారు. మొలిచాక ఒత్తుగా ఉన్నచోట పీకేస్తారు. ఆ పీకిన లేత ఆకే ఆ రోజు కూర. చోడి అంబలిలోకి గోగుకూర నంజుకోవడం మా అమ్మమ్మ తరం వాళ్లకు వానాకాలపు తిండి. ఈ సంగతి మిల్లు రికార్డుల్లో దొరకదు. కానీ మిల్లుకి ముడిసరుకు పండించిన ఇల్లు ఆ రెండు మూడు నెలలూ ఏం తిని నిలబడిందన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. నాలుగు నెలలకు పూత మొదలవుతుంది. అప్పుడు కోయాలి. ముందు కోస్తే నార పలుచన, ముదిరితే బిరుసు. కోసి కట్టలు కట్టి రెండు మూడు రోజులు చేలోనే వదిలేస్తే ఆకు రాలిపోతుంది. సన్నకాడలు ఒక కట్ట, లావుకాడలు ఒక కట్ట. రెండూ కలిపితే సన్నవి కుళ్లిపోయేసరికి లావువి ఇంకా ఊరి ఉండవు.

ఆ తర్వాత నీళ్లు. మొదలు వైపు బెరడు మందం, అందుకని ముందు కొన్ని రోజులు కట్టల్ని మొదలు మునిగేలా నిలబెట్టేవాళ్లు. తర్వాత పడుకోబెట్టి పైన రాళ్లు పెట్టేవాళ్లు. మట్టి పెడ్డలు పెట్టకూడదు, అరటి బోదెలు పెట్టకూడదు. పెడితే నార నల్లబడుతుంది. నల్లబడితే షావుకారు ధర తెగ్గోస్తాడు. నీటిలోని సూక్ష్మజీవులు బెరడుని కాడకు అంటించి ఉంచే జిగురును తినేస్తాయని పుస్తకాలు చెబుతాయి. నీరు వెచ్చగా ఉంటే రెండు వారాలు, చలి పడితే మూడు వారాలూ పట్టవచ్చు. ఏ రోజుకి అయిందని ఎవరు చెప్పాలి? ఇక్కడే అసలు విద్య. ఒక్కరోజు ముందు తీస్తే బెరడు వదలదు. ఒక్కరోజు ఆలస్యమైతే నార బలం పోతుంది. మా అమ్మమ్మ రోజూ సాయంత్రం నీళ్లలోకి దిగి, కట్టలోంచి ఒక కాడ లాగి, మొదలు దగ్గర బెరడు బొటనవేలితో నొక్కి జార్చి చూసేది. ‘‘రేపు కాదే, ఎల్లుండి,’’ అనేది. చుట్టుపక్కల చేలవాళ్లు కూడా ఆమె మాట కోసం చూసేవాళ్లు.

ఆ ఎల్లుండి నుంచి పది పదిహేను రోజులు నడుంలోతు నీళ్లలో నిలబడటమే. మొదలు చితక్కొట్టి, పుల్ల విరిచి, నార చేతికి చుట్టుకుని ఒక్క లాగు లాగి, నీళ్ల మీద జాడించి, పిండి, దండేల మీద ఆరేయాలి. కాళ్లకు జలగలు. వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని ఊడేది. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుని కూర్చుంటే అన్నం కలుపుకోవడానికి చెయ్యి మండేది. కూలి కొంత డబ్బు, కొంత పుల్లలు. గోగుపుల్లలు పొయ్యికి, దడికి, బీరపాదుకి. ఆ పుల్లలు ఇంటిదాకా మోసుకొచ్చేది కూడా ఆడవాళ్లే.

ఇప్పుడు మీలో చెరువులో నార తీసినవాళ్లు చేతులెత్తండి. చూడండి, ఎత్తినవాళ్లలో ఎక్కువమంది అమ్మలు, అప్పలు. మిల్లులో చేసినవాళ్లు ఎత్తండంటే మగవాళ్ల చేతులు లేస్తాయి. నేను చెప్పదలచుకున్న వాదన మీ చేతులే చెప్పేశాయి.

ఇంకో మాట దాచకూడదు. నీళ్లలోకి దిగిందెవరు, గట్టు మీద నిలబడి కట్టలు లెక్కపెట్టిందెవరు అన్నది కులాన్ని బట్టే ఉండేది. చెరువులో ఏ మూల ఊరెయ్యాలన్నదీ అంతే. తాగే నీళ్ల వైపు కాకుండా అలుగు వైపు వెయ్యాలని కట్టుబాటు ఉండేది. వానలు పడని ఏడు నీరు తక్కువైతే చేపలు తేలిపోయేవి, పశువులు తాగేవి కావు, ఊరు ఊరూ కొట్టుకునేవి. ఎవరి కట్టలు ముందు మునగాలన్న తగువులో ఓడిపోయేది ఎప్పుడూ సొంత చెరువు గట్టు లేనివాళ్లే. ఇవి కూడా మిల్లు చరిత్రే. గేటు దగ్గర కాటా మీద పడ్డ ప్రతి మణుగు నార వెనకా ఈ తగువుల్లో ఏదో ఒకటి ఉంది.

3. గేటు లోపల

మిల్లు లోపలి పని గురించి ఇక్కడున్న పెద్దవాళ్లు నాకంటే బాగా చెబుతారు, కాబట్టి పొడిగా వెళ్తాను. వచ్చిన నార బేలు విప్పి, రకాలు వేరు చేసి, నూనె నీళ్లు చల్లి మెత్తబరిచే బ్యాచింగు మొదలు. తర్వాత కార్డింగులో దువ్వడం, డ్రాయింగులో సాగదీయడం, స్పిన్నింగు, వైండింగు, బీమింగు, నేత. చివర ఇస్త్రీలాంటి క్యాలెండరు, కోత, కుట్టు. పల్చటి గుడ్డ హెస్సియను, ముతక గుడ్డ సాకింగు. ఎ, బి, సి మూడు షిఫ్టులు. కార్డింగులో చేసినవాళ్ల కనుబొమల మీద నూగు తెల్లగా కూర్చునేది. మగ్గాల ఖాతాలో మాట వినపడదు, పెదాలు చూసి, చేతి సైగలతో మాట్లాడుకోవాలి. స్కాట్లండులోని డండీ మిల్లుల్లోనూ నేతగత్తెలు సరిగ్గా ఇలాగే సైగల మాట తయారుచేసుకున్నారు. మా పెదనాన్న ఇంట్లో కూడా గట్టిగా అరిచే మాట్లాడేవాడు. కొత్త కోడళ్లు కోపమనుకునేవాళ్లు.

ఇక్కడ ఆగాల్సిన సంగతి ఒకటుంది. మన దేశపు జ్యూట్ మిల్లుల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆడవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. రాత్రి షిఫ్టు చెయ్యకూడదన్న చట్టాలు, ప్రసూతి ఖర్చు తప్పించుకోవాలన్న యజమానుల ఆలోచన, మగవాడి జీతం మీదే ఇల్లు నడవాలన్న సమాజపు తీరు, అన్నీ కలిసి ఒక్కో ఖాతా నుంచీ వాళ్లను బయటికి తోశాయి. హుగ్లీ మిల్లుల మీద సమితా సేన్ చేసిన పరిశోధన దీన్ని వివరంగా చూపించింది. కాబట్టి హాజరు పట్టీ చూసి మిల్లు చరిత్ర రాస్తే అది మగవాళ్ల చరిత్ర అవుతుంది. గేటు బయట నార తీసిన చెయ్యీ, సి షిఫ్టు నుంచి వచ్చినవాడికి తెల్లారగట్ల అన్నం వండిన చెయ్యీ అందులో కనపడవు.

మన మిల్లుల కార్మికుల్లో ఎక్కువమంది పూర్తిగా కార్మికులు కారు. అర ఎకరమో ఎకరమో చెక్క ఉంటుంది. లేకపోతే ఊళ్లో అన్నదమ్ముల చేను ఉంటుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు సెలవు పెట్టేవాళ్లు, బదిలీ వర్కరు ఆ స్థానంలో నిలబడేవాడు. మేనేజర్లకు ఇది చిరాకు. ‘వీళ్లకు క్రమశిక్షణ లేదు’ అనే మాట పుట్టింది ఇక్కడే. కానీ ఇదే చెక్క లాకౌట్ల రోజుల్లో ఆ కుటుంబాలను బతికించింది. నెలల తరబడి గేటు మూసుకున్నా ఇంట్లో చోళ్లు, గంట్లు ఉంటాయి. పెళ్లాం కూలికి వెళ్తుంది. అమ్మమ్మగారింటి నుంచి ఒక బస్తా వస్తుంది. చుట్టూ ఉన్న పల్లెలు మిల్లుకి ఇచ్చింది నార ఒక్కటే కాదు. మిల్లు జీతం ఇవ్వనప్పుడు దాని కార్మికులకు తిండి పెట్టింది కూడా ఆ పల్లెలే. యజమానులు ఎంత కాలం గేటు మూసి కూర్చోగలిగారో, కార్మికులు ఎంత కాలం తట్టుకోగలిగారో, రెండింటి వెనకా ఈ ధాన్యం ఉంది.

తట్టుకోలేని రోజులూ వచ్చాయి. 1994 జనవరిలో నెల్లిమర్లలో రోడ్డెక్కిన మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అయిదుగురు చనిపోయారు. ప్రతి ఏడూ జనవరిలో అక్కడ జెండాలెత్తి వాళ్లను తలచుకుంటారు, తలచుకోవాలి. ఆ రోజు ఆ ఇళ్లల్లో పొయ్యి మీద ఏముందో, ఎవరు ఎవరిని వెతుక్కుంటూ పరిగెత్తారో, ఆ తర్వాత ఆ పిల్లల్ని ఎవరు పెంచారో కూడా రాసి పెట్టుకోవాలి. అమరులన్న మాట పెద్దది. దానివల్లే ఆ ఇళ్ల వివరాలు చిన్నవిగా కనిపించి చెదిరిపోతున్నాయి.

4. టిటాగఢ్ లైన్లు, రంగూన్ గోదాములు

మన జిల్లాల వాళ్లు మన మిల్లుల్లోనే చెయ్యలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచే గంజాం, విశాఖపట్నం జిల్లాల జనం హుగ్లీ ఒడ్డున ఉన్న మిల్లులకు వెళ్లారు. టిటాగఢ్, భాట్‌పాడా, జగద్దల్, నైహాటి, రిష్రా. అక్కడి వాళ్లు వీళ్లను మద్రాసీలనే పిలిచేవారు. వాళ్ల మనవలు ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడతారు, తెలుగు బడులు పెట్టుకున్నారు, గ్రామదేవతల పండగలు చేస్తారు. పెళ్లికి మాత్రం పిల్లను ఇక్కడి నుంచే తెచ్చుకునేవాళ్లు. మీలో కొన్ని ఇళ్లల్లో ‘కలకత్తా మాఁవ’ అని ఒకాయన తప్పకుండా ఉండి ఉంటాడు. దసరాకు పెద్ద ట్రంకు పెట్టెతో వచ్చి, పిల్లలకు మిఠాయి పంచి, అప్పు తీర్చి, మళ్లీ అప్పు చేసి వెళ్లేవాడు.

ఇక్కడ స్పిన్నింగు నేర్చినవాడు అక్కడికి వెళ్లి పని సంపాదించాడు. అక్కడ మేస్త్రీ దగ్గర పని నేర్చినవాడు ఇక్కడ మిల్లు పెరిగాక తిరిగొచ్చాడు. అక్కడి సమ్మె కబుర్లు, అక్కడి యూనియన్ పాటలు, అక్కడి జబ్బులు, అన్నీ రైల్లో వచ్చాయి.

తూర్పు వైపు సముద్రం దాటి ఇంకో దారి ఉంది. రంగూన్. ఈ తీరం నుంచి వేలమంది వెళ్లి అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశారు. ఆ బర్మా బియ్యం కట్టిన గోనెలు కలకత్తావి. ఒక్క క్షణం ఈ దృశ్యం పట్టుకోండి. ఒకే ఊరి అన్నదమ్ముల్లో ఒకడు టిటాగఢ్‌లో గోనెగుడ్డ నేశాడు, ఇంకొకడు రంగూన్‌లో అలాంటి గోనెలో నింపిన బియ్యం వీపున మోశాడు, వాళ్ల చెల్లెలు ఊళ్లో చెరువులో నిలబడి గోగునార తీసింది. ముగ్గురూ ఒకే సరుకు చుట్టూ తిరిగారు. ముగ్గురికీ మిగతా ఇద్దరూ ఏం చేస్తున్నారో ఉత్తరాల్లోనే తెలుసు, అవీ వేరెవరో రాసిపెట్టినవి. 1942లో బర్మా మీద జపాన్ దాడి చేసినప్పుడు కాలినడకన కొండలు దాటి బతికి వచ్చినవాళ్లలో కొందరు తర్వాత ఈ మిల్లు గేట్ల దగ్గర బదిలీ పని కోసం నిలబడ్డారు. స్థానిక చరిత్ర అనగానే ఊరి పొలిమేర దాటని చరిత్ర అనుకుంటాం. ఈ ఊళ్ల పొలిమేర ఇరావతి దాకా ఉంది.

5. పంట పోయాక

1947లో దేశం చీలిపోయినప్పుడు జ్యూట్‌కి విచిత్రమైన చిక్కు వచ్చిపడింది. మిల్లుల్లో చాలావరకు కలకత్తా చుట్టూ ఇటు మిగిలాయి. జ్యూట్ పండే నేలల్లో ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్లింది. ముడిసరుకు కోసం భారత ప్రభుత్వం వెతుక్కున్నప్పుడు మన గోగుకి ఎన్నడూ లేని విలువ వచ్చింది. సాగు పెంచమని ప్రోత్సాహం, ఆమదాలవలస పరిశోధన కేంద్రం నుంచి కొత్త వంగడాలు, 1971లో జ్యూట్ కార్పొరేషన్, మద్దతు ధర. మా అమ్మమ్మ చెప్పే మంచి రోజులు సరిగ్గా ఈ కాలానివే. ఆమెకు దేశ విభజన సంగతి తెలియదు. షావుకారు ఆ ఏడు ఇంటికి వచ్చి మరీ అడ్వాన్సు ఇచ్చాడని మాత్రం తెలుసు. ఈ రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టడమే స్థానిక చరిత్రకారుల పని అని నేననుకుంటాను.

తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. 1980లలో సిమెంటు బస్తా గోనె నుంచి ప్లాస్టిక్‌కి మారిపోయింది. తర్వాత ఎరువుల బస్తా మారింది. మిల్లుల్ని, రైతుల్ని కాపాడటానికి 1987లో పార్లమెంటు చట్టం చేసింది, ఆహారధాన్యాలు, చక్కెరలాంటివి జ్యూట్ సంచుల్లోనే నింపాలని. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. ఈ రోజు దేశంలో జ్యూట్ మిల్లులు నడుస్తున్నాయంటే ఎక్కువగా ధాన్యం సేకరణకు ప్రభుత్వం కొనే గోనెల వల్లే. అయితే ఆ చట్టం గోనెను కాపాడింది కానీ గోగును కాపాడలేదు. కూలి రేట్లు పెరిగాయి, నీళ్లలో దిగేవాళ్లు కరువయ్యారు, చెరువులు పూడిపోయాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. మొక్కజొన్న, సరుగుడు, నీలగిరి వచ్చాయి. మిల్లులకు కావలసిన నార బెంగాల్ నుంచి రైల్లో రావడం మొదలైంది.

నా లెక్కలో మిల్లు మూతపడటం అసలు మొదలైంది ఆ రోజునే. చిట్టివలస మిల్లుకి 2009లో తాళం పడింది. నెల్లిమర్లకు తాళం పడుతూ, తెరుచుకుంటూ గడిచింది. మార్కెట్, యంత్రాల పాతదనం, కరెంటు ఖర్చు, యాజమాన్యాల తీరు, ఇవన్నీ కారణాలే, కాదనను. కానీ ఒకసారి చుట్టూ పంట లేకపోయాక మిల్లుకి ఈ చోటే ఉండాల్సిన కారణం ఏమీ మిగల్లేదు. పాత రోజుల్లో లాకౌట్ పడితే షావుకార్ల నుంచి పల్లెలదాకా గగ్గోలు పుట్టేది, ఎందుకంటే నార ఆగిపోయేది. తర్వాత రోజుల్లో తాళం పడితే కార్మికులు ఒంటరిగా రోడ్డు మీద కూర్చున్నారు. చుట్టూ ఉన్న పల్లెలకు ఆ మిల్లుతో పనిలేకుండా పోయింది. ఉద్యమం చల్లారిందని, నాయకులు అమ్ముడుపోయారని చెప్పుకునే మాటల వెనక ఈ పెద్ద మార్పు ఉంది.

6. ఏం వెతకాలి, ఎవరిని అడగాలి

మిల్లు ఆఫీసు కాగితాలు ఎక్కడున్నాయో, ఎంత మిగిలాయో తేలేసరికి ఏళ్లు పడతాయి. అవి కంపెనీల పరం, కోర్టుల పరం. విశాఖపట్నం జిల్లా మీద డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసి 1907లో అచ్చయిన గెజిటీరు ఉంది, అది కలెక్టరు కంటితో చూసిన జిల్లా. ఆ తర్వాతి చరిత్ర మన ఇళ్లల్లో ఉంది. మీ ఇంటి ట్రంకు పెట్టెలో మిల్లు టోకెన్ ఉండవచ్చు, పి.ఎఫ్. చీటీ ఉండవచ్చు, ఈ.ఎస్.ఐ. కార్డు ఉండవచ్చు, యూనియన్ రసీదు, కలకత్తా నుంచి వచ్చిన మనియార్డరు కాగితం ముక్క, షావుకారు దగ్గర నారకు తీసుకున్న అడ్వాన్సు చీటీ ఉండవచ్చు. ఏదీ పారేయకండి. ఏది పనికొస్తుందో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. అన్ని కథలనూ దాచిన కారా మాస్టారు మనకు నేర్పింది ఇదే.

కాగితం కంటే తొందరగా పోయేది మనిషి. 1960లలో చెరువులో నార తీసిన అమ్మ ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. ఆమెను ‘మిల్లు గురించి చెప్పండి’ అని అడిగితే ‘నాకేటి తెలుసు బాబూ, ఆయన్ని అడుగు’ అంటుంది. నాకు ఎన్నోచోట్ల ఎదురైన జవాబు ఇది. ప్రశ్న మార్చాలి. ఏ చెరువులో ఊరేసేవాళ్లు, ఎంతలోతు, ఎవరు పక్కన నిలబడేవాళ్లు, కూలి ఎవరు చేతికిచ్చేవాళ్లు, పుల్లలు ఎన్ని మోపులు, ఆ రోజు రాత్రి ఏం తిన్నారు అని అడగాలి. అలా అడిగితే మాట ఆగదు. మధ్యలో మగవాళ్లు వచ్చి సర్దిచెప్పబోతే వాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టాలి. ఆమె మాట ఆమె యాసలోనే రాయాలి, పుస్తకభాషలోకి దిద్దకూడదు. వీలైతే సెల్‌ఫోన్లో రికార్డు చేసి, తారీఖు, ఊరి పేరు, ఆమె అనుమతి కూడా అందులోనే చెప్పించాలి. ఆమె పేరు బయట పెట్టొద్దంటే పెట్టకూడదు. ఎందుకంటే ఆ జ్ఞాపకాల్లో కులం తగువులూ, భూమి తగువులూ, ఇంటి గుట్లూ కలిసే ఉంటాయి.

చెరువులను కూడా నమోదు చెయ్యాలి. ఇది నేను ఒత్తి చెబుతున్నాను. ఏ ఊళ్లో ఏ చెరువులో, ఏ బందలో, ఏ గెడ్డలో గోగు ఊరేసేవాళ్లో ఒక పటం గీయాలి. రెవెన్యూ రికార్డులో చెరువు విస్తీర్ణం ఉంటుంది, ఆ వాడుక ఉండదు. అందులో సగం చెరువులు ఇప్పుడు లేవనుకుంటాను. అవి ఉండేవని చెప్పగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు.

కళాశాల అధ్యాపకులు ఇక్కడ ఉన్నారు. మీ పిల్లలకు ప్రాజెక్టు పని ఇచ్చేటప్పుడు ఇంటర్నెట్ నుంచి దించి తెచ్చే వ్యాసానికి బదులు ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి పంపండి. రెండేళ్లలో ఒక తాలూకా అంతా పూర్తవుతుంది. టిటాగఢ్‌లో, రిష్రాలో ఉన్న మన తెలుగు సంఘాలకు ఉత్తరాలు రాసి, అక్కడ కూడా ఇదే ప్రశ్నలు అడిగించాలి. ఒకే కుటుంబపు రెండు కొసలూ కలుస్తాయి.

సభ అయ్యాక తలుపు పక్కనున్న బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంటుంది. అందులో మీ ఊరి పేరు, గోగు ఊరేసిన చెరువు పేరు, అక్కడ నార తీసి ఇంకా మన మధ్య ఉన్న పెద్దమనిషి ఎవరైనా ఉంటే వారి ఇంటికి దారి రాయండి. వచ్చే వారం నుంచి వెళ్లడం మొదలుపెడదాం. పొద్దున వెళ్తే వాళ్లు పనిలో ఉంటారు, సాయంత్రం నాలుగు తర్వాతే వెళ్లాలి.